అంగిలి మీది ఎముక గడ్డకు చికిత్స: ఒక ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి సేవలపై సమీక్ష

పై వరుస పళ్లన్నీ రాలిపోయిన మా అమ్మకు పళ్ల సెట్టు కట్టించాలని ఇంటి దగ్గరి ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్తే, అంగిలి మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న గడ్డను చూసి, చీటీ మీద ‘గ్రోత్’ అని మాత్రం రాసి, వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. అది ఏమై ఉండవచ్చో ఒక్క మాట చెప్పలేదు. ఇంట్లో అందరూ బెంబేలెత్తిపోయాక, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాము.

అక్కడి ఓరల్ మెడిసిన్ విభాగంలో పీజీ విద్యార్థిని ముందు వేలితో గడ్డ అంతా తడిమి, నోటి అద్దం కాడతో మెల్లగా తట్టి చూసింది. ఆ తర్వాత అమ్మ చేతికి అద్దం ఇచ్చి, ‘అమ్మా, ఇది పుండూ కాదు, కండా కాదు, మీ ఎముకే. మీకు తెలియకుండా ఏళ్ల తరబడి పెరిగింది’ అని చెప్పింది. దీన్ని టోరస్ అంటారు. పంటి నుంచి పుట్టేది కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. అంగిలి సరిగ్గా నడిమి గీత మీద రావడం, రాయిలా గట్టిగా ఉండడం, పైపొర మామూలు రంగులోనే ఉండడం దీని గుర్తులు కనుక, సాధారణంగా ముక్క పరీక్ష లేకుండానే చూసి తేల్చగలరట. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువగా కనబడుతుంది. దవడ ఎముకల్లో ఇంకెక్కడైనా గడ్డలున్నాయేమోనని రెండు దవడలూ ఒకే చిత్రంలో కనబడే ఓపీజీ ఎక్స్‌-రే కూడా తీయించారు.

ఈ ఆసుపత్రిలో నాకు బాగా నచ్చింది కోతకు తొందరపడకపోవడం. అమ్మకు కింది దవడ లోపలి వైపు, నాలుకకు రెండు పక్కలా ఇలాంటివే చిన్న బుడిపెలు ఉన్నాయి. కింది పళ్లు గట్టిగానే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదన్నారు. పైదాని సంగతి వేరు. అది బుడిపెలు బుడిపెలుగా పెరిగి, సెట్టు వెనుక అంచు అతుక్కోవలసిన చోటు దాకా పాకింది. అంగిలిని వదిలేసి గుర్రపు నాడా ఆకారంలో సెట్టు చేయవచ్చు గానీ, పై పళ్లేవీ లేని నోట్లో అది సరిగ్గా పట్టి ఉండదని ప్రొఫెసర్ స్వయంగా వచ్చి చెప్పారు. ఎముకలు గుల్లబారినందుకు వాడే మందులు దవడ ఎముక మానకుండా చేయగలవు గనుక, అమ్మ మాత్రల చీటీలన్నీ అడిగి చూశాకే శస్త్రచికిత్సకు ఒప్పుకున్నారు.

పని పద్ధతిగా సాగింది. ముందే నోటి అచ్చు తీసి, పారిస్ ప్లాస్టర్ నమూనా మీద గడ్డను చెక్కేసి, దాని మీద ఒక పలుచని ప్లాస్టిక్ పలక తయారు చేసుకున్నారు. అంగిలికి మాత్రమే మత్తు సూది ఇచ్చి, పైపొరను రెండు పక్కలకూ విప్పి, గడ్డకు గాట్లు పెట్టి ముక్కలుగా తీశారు. ఒక్క దెబ్బతో ఊడదీస్తే అంగిలి ఎముక చిట్లి ముక్కులోకి దారి పడే ప్రమాదం ఉంటుందట. కుట్లు వేశాక ఆ పలకను బిగించారు. కింద నెత్తురు చేరి నిలవకుండా పైపొరను ఎముకకు ఒత్తి ఉంచడమే దాని పని.

లోపాలు లేకపోలేదు. ఓపీ దగ్గర వరుస చాంతాడంత ఉంటుంది, టోకెన్ పద్ధతి పేరుకే ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన జాగ్రత్తల కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. ‘సాఫ్ట్ డైట్’ అని రాసిస్తే అమ్మలాంటి వారికి ఏం తెలుస్తుంది? చల్లార్చిన జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం తినమని, ఆవకాయ, అప్పడాలు ముట్టవద్దని ఒక నర్సు చెప్పాకే ఆమెకు అర్థమైంది. మాట వివరంగా చెప్పేది కూడా డాక్టరును బట్టే. మా పక్కనే చిగురు మీద ఎర్రని కండ పెరిగిన గర్భిణికి, కాన్పు తర్వాత చాలావరకు అదే తగ్గుతుందని, అప్పటికీ మిగిలితే తీస్తామని ఓపికగా చెప్పిన డాక్టరు ఉన్నారు. తలెత్తకుండా చీటీ రాసి పంపినవారూ ఉన్నారు.

గాయం మానాక సెట్టు కట్టే విభాగంలో మళ్లీ చాలాకాలం ఆగవలసి వచ్చింది. సెట్టు వెనుక అంచు మొదట్లో ఒరుసుకుంటే, వెళ్లిన రోజే అరగదీసి ఇచ్చారు. పూట పోగొట్టుకోగలిగిన వారికి ఈ ఆసుపత్రిని నిస్సంకోచంగా సూచిస్తాను. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నవారు మాత్రం ఓపీ వరుస చూసి వెనక్కి తిరగకుండా, ఆ మాట కౌంటరులోనే చెప్పి, అదే రోజు చూపించుకోవాలి.