చిత్తూరులో మా అప్పీలు చూసిన ప్లీడరు గారి ఆఫీసు

పాలవ్యాను నడిపే మా తమ్ముడికి రోడ్డు ప్రమాదం కేసులో ఐపీసీ 304ఎ (నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయేలా చేయడం) కింద ఏడాది జైలుశిక్ష పడింది. శిక్ష మూడేళ్లు దాటలేదు కాబట్టి అప్పీలు వేసుకునేందుకు కింది కోర్టే బెయిలు ఇచ్చింది గానీ, సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులే. తిరుపతిలో మేము మొదట కలిసిన ఒక ప్లీడరు కాగితాలు తిప్పకుండానే శిక్ష కొట్టేయిస్తానని ఫీజు చెప్పారు. చిత్తూరులోని ఈ సీనియర్ న్యాయవాది మాత్రం, "తీర్పు ఒక్కటే చాలదమ్మా, సాక్షుల వాంగ్మూలాలు, 313 స్టేట్‌మెంటు, అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకుని రాండి" అని పంపించారు. 313 స్టేట్‌మెంటు అంటే, సాక్ష్యాల గురించి జడ్జి అడిగే ప్రశ్నలకు ముద్దాయి ఇచ్చే జవాబుల రికార్డు.

నాలుగు రోజుల తర్వాత వెళ్లేసరికి బల్లమీద ఎడమవైపు 313 స్టేట్‌మెంటు, కుడివైపు తీర్పు పరిచి, ఒక పేరా చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఉంచారు. బ్రేకులు బాగానే ఉన్నాయన్న మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టు మీదే ఆ తీర్పు నిలబడింది. బ్రేకు పట్టలేదని మొదటినుంచీ మొత్తుకుంటున్న మా తమ్ముణ్ణి ఆ రిపోర్టు గురించి జడ్జి గారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముద్దాయి ముందు పెట్టి జవాబు అడగని అంశాన్ని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. నేను రాసుకెళ్లిన మిగతా తప్పులు, అంటే వాయిదాల ఆలస్యం, ఇంటిపేరు తప్పుగా పడటం వంటివి, ఆయన నా ఎదుటే కొట్టేశారు. పొరపాటు జరిగిందంటే చాలదని, దానివల్ల ముద్దాయికి అన్యాయం జరిగిందని చూపాలని ఓపికగా చెప్పారు. నాకు ఆయనమీద నమ్మకం కుదిరింది అప్పుడే.

అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు జ్యూరీ, అంటే దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందం, చేసే తప్పుల గురించి అడగమన్నాడు. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో జ్యూరీ నిర్దోషి అన్నా సెషన్స్ జడ్జి ఒప్పుకోక బొంబాయి హైకోర్టుకు పంపారని, అక్కడ పడిన శిక్షను 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసిందని, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేదని ఆయన వివరించారు. మన దగ్గర జడ్జి కారణాలు రాసి తీరాలి కాబట్టే తప్పును ఆ కాగితంలోనే వెతకగలిగాము.

వాయిదా మారితే గుమస్తా ముందుగా చెప్పరు. రెండుసార్లు తిరుపతి నుంచి డెబ్బై కిలోమీటర్లు వచ్చి ఊరికే తిరిగి వెళ్లాము. ఇది వాళ్లు సరిచేసుకోవాలి. ఫీజు మూడు విడతలుగా తీసుకుని ప్రతిసారీ రసీదు ఇచ్చారు.

సెషన్స్ కోర్టు ఆ రిపోర్టును పక్కనపెట్టి, మిగిలిన సాక్ష్యం చాలదని శిక్ష రద్దు చేసింది. ఒక ప్రాణం పోయిన కేసు కాబట్టి ఆ రోజు మా ఇంట్లో ఎవరూ స్వీట్లు పంచలేదు. ప్లీడరు గారు కూడా ఫైలు చేతికిచ్చి, తమ్ముణ్ణి బండి బ్రేకులు నెలనెలా చూపించుకోమన్నారు.