లేట్ రిజిస్ట్రేషనా, నాన్ అవైలబిలిటీనా?

అమ్మానాన్నల గ్రీన్ కార్డు కోసం ముంబై కాన్సులేట్ ఇంటర్వ్యూకు కాగితాలు సర్దేటప్పుడు ఎక్కువ టెన్షన్ పెట్టేది పుట్టిన సర్టిఫికెట్టే. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు ఇంట్లో, మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్ల పేరు రికార్డులో లేకపోవడం మామూలే. అలాంటివాళ్లకు రెండు దారులు: పుట్టుకను ఇప్పుడు ఆలస్యంగా నమోదు చేయించుకోవడం (లేట్ రిజిస్ట్రేషన్), లేదా రికార్డు లేదన్న కాగితం (నాన్ అవైలబిలిటీ) తెచ్చుకోవడం.

తిరుగుడు: లేట్ రిజిస్ట్రేషన్‌కు ఆర్డీవో ఉత్తర్వు కావాలి, విచారణ ఉంటుంది. నాన్ అవైలబిలిటీకి రిజిస్ట్రార్ ‘మా రికార్డుల్లో లేదు’ అని రాసిస్తే చాలు.

జత కాగితాలు: మొదటిది చేతికొస్తే అదే సర్టిఫికెట్. రెండో దానికి అఫిడవిట్లు, పదో తరగతి మెమో లాంటివి జోడించాలి.

రిస్కు: లేట్ రిజిస్ట్రేషన్‌తో నిన్నగాక మొన్న తెచ్చుకున్న సర్టిఫికెట్ చూస్తే ఆఫీసరు పాత ఆధారం కూడా అడగొచ్చు. అఫిడవిట్ ఇచ్చేవాళ్లకేమో ఆ పుట్టుక సంగతి స్వయంగా తెలిసుండాలి. మేనత్తో పెదనాన్నో ఉంటే అదృష్టం! పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, మెమోలో పొడి అక్షరం ఉంటే మాత్రం రెండు దారుల్లోనూ తలనొప్పే.

బడి రికార్డు, పెద్ద దిక్కు ఉంటే నాన్ అవైలబిలిటీయే మేలు. బడి మొహం చూడని, సాక్షులు మిగలని వాళ్లు టైముంటే లేట్ రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలి. దానికీ మొదట అడిగేది నాన్ అవైలబిలిటీ కాగితమే!