నానమ్మ కళ్ళజోడు సంచీ: ఒక క్రాఫ్ట్ కిట్‌తో రెండు వారాలు

డబ్బా మీద "4 నుంచి 7 ఏళ్ళ పిల్లలకు, మీ చేత్తో 6 కానుకలు" అని ఉంది. మా పాపకి ఐదేళ్ళు. రెండు వారాల్లో మేం చేసినవి మూడే, చెప్పుకోదగ్గది ఒక్కటే. కంపెనీ పేరు రాయడం లేదు.

మొదట ఫొటో ఫ్రేమ్. ముక్కలన్నీ ముందే కోసి, వెనక జిగురు కూడా పూసి ఇచ్చారు. కాగితం పీకడం, అంటించడం, అంతే. పది నిమిషాల్లో డబ్బా మీది బొమ్మలాగే అచ్చుగుద్దినట్టు వచ్చింది. "ఎవరికిస్తావురా?" అంటే "ఎవరికో ఒకరికి" అంది. అది ఇంకా అల్మరాలోనే ఉంది. గ్రీటింగ్ కార్డు గురించి రాయడానికేమీ లేదు.

కళ్ళజోడు సంచీ కథ వేరు. అంచుల్లో చిల్లులున్న రెండు ఫెల్ట్ ముక్కలు, ఊలు దారం, మొద్దు ప్లాస్టిక్ సూది. మా అమ్మ రోజుకు నాలుగుసార్లు కళ్ళజోడు వెతుక్కుంటుంది కాబట్టి ఇది నానమ్మకే అని పాప ముందే తేల్చేసింది. మొదటిరోజు దారం కొస పీచులుగా విడిపోయి సూదిలోకి ఎక్కలేదు. ఏడుపు. షూ లేసు కొసలా దానికి టేపు చుట్టాక దారికొచ్చింది. ఒక చేత్తో ఫెల్ట్ పట్టుకుని, రెండో చేత్తో సూది లాగి, అంచు మీదుగా తిప్పి మళ్ళీ కిందనుంచి గుచ్చడం ఐదేళ్ళ వేళ్ళకి చిన్న పనేం కాదు. ఆ వరస చేతికి పట్టడానికే రెండు సాయంత్రాలు పట్టింది. మూడోరోజు మహా ఊపుమీద నాలుగువైపులా కుట్టేసింది. సంచీకి మూతే లేదు, మూతీ లేదు! నేను నవ్వు ఆపుకున్నాను, తను ఆపుకోలేదు. ఒక వైపు కుట్లు తనే విప్పింది.

ఆ మూతి దగ్గర బిగించడానికి ప్రెస్ బటన్ ఇచ్చారు. నేను పెట్టబోతుంటే "వద్దు నాన్నా, నానమ్మకి వేళ్ళు నొప్పి కదా" అంది. నిజమే, అమ్మకి ఉదయాన్నే వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. నాకు తట్టలేదు. బటన్ పెట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది రివార్డు చార్టు చూసి. కానుకకో స్టిక్కరు, ఆరూ పూర్తిచేస్తే సర్టిఫికెట్టు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు వేయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్టు ఇస్తామని ముందుగా ఆశ చూపారు. ఒకటి రెండు వారాలయ్యాక చూస్తే, ఏ ఆశా చూపని పిల్లలకంటే వీళ్ళు తమంతట తాము బొమ్మలు వేయడం బాగా తగ్గిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అదే సర్టిఫికెట్టు డబ్బాలో! పాప చూడకముందే తీసి దాచేశాను.

ఇంకా కొన్ని తిట్లున్నాయి. ప్లాస్టిక్ కత్తెర కాగితాన్ని కోయదు, నములుతుంది. మొన గుండ్రంగా ఉన్న స్టీలు కత్తెర విడిగా తెచ్చుకోండి. పూసలు మరీ చిన్నవి, ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే ఆ ప్యాకెట్ విప్పకండి.

ఐదుకి రెండున్నర ఇస్తాను, అదీ సంచీ వల్లే. ఇంకోటి కొనను. ఫెల్ట్, ఊలు విడిగా తెచ్చుకుంటాం, సూది ఎలాగూ ఉంది. ఈసారి తాతయ్యకట. ఏం కుట్టాలో ఇంకా చెప్పలేదు, ఆయన దేనికోసం వెతుక్కుంటారో రెండు రోజులుగా వెనకాలే తిరిగి చూస్తోంది.