పిప్ రాలేదన్నాక అప్పీల్‌కి వెళ్ళాను: ఆ సర్వీసుకి ఐదుకి నాలుగు నక్షత్రాలు

"వంట చేసుకుంటారా?" అని అడిగింది ఫోన్‌లో అసెస్‌మెంట్ చేసినావిడ. "ఆ, చేసుకుంటానండి" అన్నాను. ఆ ఒక్క ముక్కకి వంట దగ్గర నాకు సున్నా పడింది.

నాకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. పొద్దున్నే పిడికిలి పడదు. పది గంటలు దాటితే గానీ వేళ్ళు నా మాట వినవు. ల్యాబ్ ఉద్యోగం అందుకే మానేశాను. మేముండేది ఇంగ్లండ్‌లో, పౌరసత్వం వచ్చింది కాబట్టి పిప్‌కి, అంటే జబ్బు వల్ల పనులు చేసుకోలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కి అప్లై చేశాను. (వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకండి, వీసాకే ఎసరు. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ళకి దీని బదులు వేరే పేమెంట్ ఉంది.)

2013లో మొదలైన ఈ పిప్‌కి ఇంట్లో ఎవరి జీతం ఎంతన్నది లెక్కలోకి రాదు. జబ్బు పేరు చూసి కూడా ఇవ్వరు. ఆ జబ్బు వల్ల ఏ పని చేసుకోలేకపోతున్నామో దానికి పాయింట్లు. రోజువారీ పనులు 10, నడక, ప్రయాణాలకి సంబంధించినవి 2. ఒక్కో భాగంలో 8 వస్తే స్టాండర్డ్ రేటు, 12 వస్తే ఎన్‌హాన్స్‌డ్, అంటే ఇంకా ఎక్కువ రేటు. నాకు వచ్చినవి స్నానానికి 2, బట్టలకి 2. మొత్తం నాలుగు. "మీకు పేమెంట్ ఇవ్వలేము" అని ఉత్తరం.

ఉత్తరం మీదున్న తేదీ నుంచి ఒక నెలలోపు 'మాండేటరీ రీకన్సిడరేషన్' అడగాలి. అంటే ఇవ్వనన్న శాఖనే మళ్ళీ ఒకసారి చూడమనడం. ఆ మెట్టు ఎక్కకుండా అప్పీల్‌కి రానివ్వరు. నేను రెండు పేజీలు రాసి పంపాను. ఏడు వారాల తర్వాత జవాబొచ్చింది, నాలుగు నాలుగే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ ఆగేదాన్నే. ఉచిత సలహా కేంద్రంలో ఒక పెద్దాయన నా ఉత్తరం చదివి, "ఇదంతా మీ జబ్బు గురించి రాశారు. మీ వంటింటి గురించి ఏదమ్మా?" అన్నట్టు అడిగాడు, ఇంగ్లీషులోనే. అప్పుడు గానీ నాకు తట్టలేదు.

ఇక అసలు రివ్యూ, అప్పీల్ సర్వీసు గురించి. ఈ అప్పీల్ వినేది ట్రైబ్యునల్, కోర్టులాంటిది. రీకన్సిడరేషన్ నోటీసు తేదీ నుంచి మళ్ళీ ఒక నెల గడువు. పేపర్ ఫారం కావాలంటే ఎస్‌ఎస్‌సీఎస్1 అని ఉంది, నేను ఆన్‌లైన్‌లో చేశాను. ఫీజు లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఆ నోటీసు తేదీ, ఎందుకు ఒప్పుకోవట్లేదో కారణం. మధ్యలో ఆపి, సేవ్ చేసుకుని, రెండు రోజుల్లో పూర్తి చేశాను. నా వేళ్ళకి అదే గొప్ప సౌకర్యం. గడువు దాటితే కారణం రాసి అడగొచ్చు, కానీ 13 నెలలు మించితే ఎవరూ ఏమీ చేయలేరు. హియరింగ్ ఎలా కావాలో కూడా అక్కడే అడుగుతారు: ఎదురుగా, వీడియో, ఫోన్, లేదా కాగితాలు చూసి తేల్చేయడం. కాగితాలది మాత్రం ఎంచుకోకండి. మనిషిని చూస్తే అర్థమయ్యేవి కాగితంలో కనపడవు. నేను వీడియో పెట్టాను, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా టిక్ చేశాను. అదీ ఉచితమే. మా ఆయన "నేను చెప్తానుగా" అన్నారు, కానీ ఇంట్లోవాళ్ళు ఇంటర్‌ప్రెటర్‌గా ఉండటం కుదరదని సర్వీసువాళ్ళు అన్నారు. ఇంగ్లీషు నాకు వచ్చు, ఉద్యోగం చేసింది అందులోనే. కానీ పోటు, లాగుడు, తిమ్మిరి, పట్టేయడం, ఇవన్నీ ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఒకే 'పెయిన్' అయిపోతాయి.

తర్వాత శాఖవాళ్ళు తమ జవాబుతో పాటు కాగితాలన్నీ కట్టగట్టి పంపుతారు, 'బండిల్' అంటారు. నాది 146 పేజీలు. బద్ధకించకుండా చదవాలి. 61వ పేజీలో నా ఫోన్ అసెస్‌మెంట్ రిపోర్టు ఉంది: "భోజనం స్వయంగా తయారు చేసుకుంటారు." నేనన్నది అదే, అబద్ధమేం లేదు. కానీ ఆ భోజనం ఎలా తయారవుతుందో అందులో లేదు. మా ఆయన డ్యూటీకి వెళ్ళేముందు ఉల్లిపాయలు, కూరగాయలు తరిగి డబ్బాల్లో పెట్టి వెళ్తారు. సీసా మూతలు వదులు చేసి, ఊరికే పైన ఆనించి పెడతారు. కెటిల్‌లో నేను ఒక కప్పు నీళ్ళే పోస్తాను, అంతకు మించితే మణికట్టు ఆగదు. కాగిన గిన్నె ఎత్తను. స్టవ్ మీంచి పక్కకి జరుపుతాను, చల్లారాక గరిటెతో తోడుకుంటాను. ఒకసారి ఎత్తబోయి పాదం కాల్చుకున్నాను. ఇవన్నీ రెండు వారాల పాటు రోజుకి నాలుగు లైన్లు రాసి, జీపీ (మా ఫ్యామిలీ డాక్టర్) దగ్గర తీసుకున్న ఉత్తరంతో కలిపి పంపాను. రూల్లో ఉన్న మాట ఏంటంటే, పని చేయగలగడం ఒక్కటే చాలదు. ప్రమాదం లేకుండా, సరిగ్గా, మళ్ళీ మళ్ళీ, మామూలుకంటే మరీ ఎక్కువ టైం పట్టకుండా చేయగలగాలి. సగానికి పైగా రోజులు అలా చేయలేకపోతే చేయలేనట్టే లెక్క.

ఒక నక్షత్రం తగ్గించింది ఎదురుచూపుకి. ఎనిమిది నెలలు. ఆన్‌లైన్‌లో చూసినప్పుడల్లా అదే లైను. టెన్షన్‌కి నిద్ర లేదు.

హియరింగ్ నలభై నిమిషాలు. జడ్జి, ఒక డాక్టర్, వైకల్యం గురించి అనుభవం ఉన్న మరొకావిడ. శాఖ తరఫున ఎవరూ రాలేదు. కోర్టంటే బోనులో నిలబెడతారనుకుని ముందురోజు నుంచీ గుండె దడ. జడ్జిగారు మొదట చెప్పిన మాట, వీళ్ళకి ఆ శాఖతో సంబంధం లేదని, మధ్యలో నొప్పొస్తే ఆపమని చెప్పొచ్చని. డాక్టర్ "వంట చేసుకుంటారా" అని అడగలేదు. "నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు? దాన్ని స్టవ్ మీంచి ఎవరు దించారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది. ఇంటర్‌ప్రెటర్ 'పట్టేయడం' దగ్గర ఒక్క క్షణం ఆగి, నన్ను ఇంకోసారి అడిగి మరీ చెప్పింది.

మూడో రోజు నిర్ణయం వచ్చింది. వంటకి 4, టాయిలెట్‌కి 2 కలిపి మొత్తం 10. స్టాండర్డ్ రేటు, 2025-26లో వారానికి 73.90 పౌండ్లు, క్లెయిమ్ చేసిన నాటి నుంచి బకాయిలతో సహా. నడక భాగంలో 4 దగ్గరే ఆగిపోయాను, అక్కడ ఏమీ రాలేదు. చిన్న రోడ్డు చివరిదాకా నడవగలనని నేనే చెప్పాను, నిజం కూడా అదే. ఒక జాగ్రత్త: ఇప్పటికే కొంత వస్తూ, ఇంకా పెంచమని అప్పీల్‌కి వెళ్తే ట్రైబ్యునల్ ఉన్నదాన్ని తగ్గించనూ వచ్చు. అలాంటివాళ్ళు ముందు సలహా కేంద్రంలో చూపించుకోండి. నాలా ఏమీ రానివాళ్ళకి పోయేదేం లేదు.

నాకు ఇచ్చింది మూడేళ్ళకి. రివ్యూ ఫారం మళ్ళీ వస్తుంది. వంట గురించి అడిగే పెట్టెలో రాయాల్సిన మొదటి వాక్యం ఇప్పుడే డైరీలో రాసి పెట్టుకున్నాను: "గిన్నె మా ఆయన దించుతారు."