సిక్కోలు ట్రిప్పు, మూడు సింగిల్ మాల్టులు

సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసే విస్కీ, రుచి చూడ్డానికి శ్రీకాకుళం ఎందుకని మావాళ్లు నవ్వారు. పేరున్న బార్లు లేకపోవడమే మాకు కలిసొచ్చింది. విజయనగరం నుంచి నేనూ మా బావా కారు మాట్లాడుకుని వెళ్లాం. రెండు సీసాలు విశాఖలోనే కొన్నాం. 2024 అక్టోబరులో మద్యం షాపులు మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాయి గానీ, సిక్కోలులో మేం అడిగిన చోటల్లా బ్లెండెడ్ (రకరకాల విస్కీలు కలిపిన) సరుకే. ఒకచోట సింగిల్ మాల్ట్ ఉంది, అదీ ఎండ తగిలే అరలో.

మొదట దిగిన బస్టాండు దగ్గరి లాడ్జిలో అద్దె తక్కువే, కానీ గదంతా ఫినాయిల్, అగరొత్తుల వాసన. ఇక విస్కీ వాసనేం తెలుస్తుంది? పొద్దున్నే నాగావళి వైపు ఇంకో హోటల్‌కి మారాం. అద్దె దాదాపు రెట్టింపు. కిటికీలు తెరుచుకుంటాయి, అడగ్గానే గాజు గ్లాసులు పంపారు. కింద బార్‌కి మాత్రం వెళ్లకండి. టీవీ హోరు ఒకటి, పెగ్గు పోస్తూనే అడక్కుండా సోడా వంచేస్తారు.

ముందు గ్లెన్‌లివెట్ 12, అంటే పీపాలో కనీసం 12 ఏళ్లున్నది. స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు సరుకు, ఆల్కహాల్ 40 శాతం, తేనె, ఆపిల్ తరహా మెత్తదనం. గొంతు మండుతుందన్న భయం దీంతో పోతుంది. ఇక్కడే ఆగిపోతే మాత్రం ఇంతేనా అనిపిస్తుంది.

అసలు సరదా అమృత్ ఫ్యూజన్‌తో మొదలైంది. బెంగళూరుది, 50 శాతం. మన బార్లీకి స్కాట్లాండ్‌లో పీట్ (బురద నేలల్లో తవ్వి తీసి ఎండబెట్టే మట్టి లాంటి ఇంధనం) పొగ పట్టించిన బార్లీ కలిపి చేస్తారు. నీళ్లు లేకుండా నోట్లో పోసుకుని బావ కళ్లు మూసేశాడు. చెంచాడు నీళ్లు వేసి కాసేపు వదిలేస్తే చాక్లెట్ లాంటి తీపి, వెనకాలే సన్నగా పొగ. స్కాట్లాండ్‌లో పీపాల్లోంచి విస్కీ ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే, బెంగళూరులో 10 శాతం పైమాటే. ఆ వేడికి విస్కీ త్వరగా ముదురుతుంది. కాబట్టి సీసా మీద 12, 18 అంకెలు లేవని మన సరుకుని తీసిపారేయక్కర్లేదు.

లాఫ్రోయిగ్ 10 గల్ఫ్ నుంచి వస్తూ తమ్ముడు డ్యూటీఫ్రీలో తెచ్చింది. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిది. మూత తియ్యగానే టింక్చర్ వాసన. "ఏటి బావా, ఇది తాగేదా, దెబ్బకి రాసేదా?" అన్నాడు మా బావ. నాకు తెగ నచ్చింది. అయినా మొదటి సీసాగా కొనకండి, ఎవరి దగ్గరైనా ఓ పెగ్గు రుచి చూశాకే డబ్బు పెట్టండి.

మంచింగుకి పలాస జీడిపప్పు, ఉప్పూ కారం లేకుండా దోరగా వేయించింది. చికెన్ పకోడీ తిన్నాక ఏ మాల్టయినా ఒకటే.

పగలు శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూసి, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వెళ్లాం. సీసా అక్కడే తీద్దామన్నాడు బావ. బయట తాగితే కేసవుతుంది, పైగా ఆ ఉప్పుగాలిలో గ్లాసులో ఏముందో ముక్కుకి తెలీదు. అరసవల్లి వెళ్లేవాళ్లు ఆదివారం వద్దనుకుంటే మేలు, క్యూ కదలదు.

బావ ఓటు ఇంకా గ్లెన్‌లివెట్‌కే. తర్వాతి విడతకి హర్యానావాళ్ల ఇంద్రి త్రిణి అనుకున్నాం. 46 శాతం, అంతకుముందు బోర్బన్ (అమెరికా విస్కీ), వైన్, షెర్రీ (స్పెయిన్ వైన్) ఉంచిన పీపాలు మూడూ వాడతారు. డబ్బులు చెరిసగం.