తివాచీ మగ్గంలో ముందు ఏది మార్చాలి: ఫ్రేమా, దూలమా, బిగించే చక్రమా?

కొత్తగా ఇనుప మగ్గం చేయించాలా, ఉన్న చెక్క మగ్గానికే పార్టులు మారిస్తే సరిపోతుందా అని ఎవరడిగినా, నేను ముందు తిరిగి అడిగేది వెడల్పు గురించి. 4 అడుగుల జంపఖానాకూ 8 అడుగుల ముడి తివాచీకీ ఒకే సలహా పనికిరాదు.

మన దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ఏలూరుది ఊలు ముడుల తివాచీ. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. ఇప్పుడు ఆ ఊరికి పేరు తెస్తున్నవి దరీలు, అంటే ముడులు లేకుండా నేసే జంపఖానాలు. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముడి తివాచీలకు దేశంలో పెద్ద ఇల్లు ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ, మిర్జాపూర్ ప్రాంతం. తివాచీల సాంకేతిక విద్యకంటూ ఒక ప్రత్యేక సంస్థ కూడా భదోహీలో ఉంది. ఊరేదైనా నిలువు మగ్గం సూత్రం ఒకటే: పైన ఒక దూలం, కింద ఒక దూలం, మధ్యలో బిగిసిన నూలు పడుగు, అంటే నిలువు పోగులు. ఆ బిగువు ఎంత సమంగా ఉంటే తివాచీ అంత చక్కగా దిగుతుంది.

ముందే ఒక మాట. పార్టులు మారిస్తే నేత వేగం రెట్టింపవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. చదరపు అంగుళానికి 100 ముడుల నాణ్యతలో 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు తివాచీ అంటే 11 లక్షల 52 వేల ముడులు. ప్రతి ముడీ వేళ్లతోనే పడాలి. పడుగు పోగులను ముందుకూ వెనక్కూ విడదీసి అడ్డంగా పేక పోగు దూర్చే పని వరుసకు రెండుసార్లు చొప్పున చూసుకున్నా 2,400 సార్లే. అక్కడ కాస్త సమయం మిగిలినా మొత్తం రోజుల్లో పెద్ద తేడా రాదు. మంచి పార్టు వల్ల దక్కేవి వేరు: వంకర లేని అంచు, తెగని పడుగు, నేసేవాళ్ల భుజానికి కాస్త సుఖం. తివాచీకి వచ్చే ధర కూడా అక్కడే మారుతుంది.

ఇక ఫ్రేము సంగతి. నిలువు స్తంభాలు చెక్కవా, ఇనుపవా అన్నదాని మీదే అందరూ వాదిస్తారు. నిజానికి మొత్తం మగ్గంలో అతి తక్కువ తేడా తెచ్చేది అదే. పడుగు లాగుడంతా స్తంభాలను నిలువునా నొక్కుతుంది. మంచి మద్ది కర్ర స్తంభం ఆ నొక్కుడును తేలిగ్గా మోస్తుంది. చెదలు పట్టకుండా, పాదం దగ్గర నానకుండా చూసుకుంటే దాన్ని మార్చాల్సిన పనే లేదు.

అసలు వ్యవహారం దూలంలో ఉంది. ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు.

అంగుళానికి 10 ముడులు, ముడికి రెండు పడుగు పోగులు. అంటే అంగుళానికి 20, 8 అడుగులకు 1,920 పోగులు. ఒక్కో పోగు మీద కిలో బిగువే అనుకుందాం. దూలం మీద పడేది దాదాపు 2 టన్నులు! 6 అంగుళాల గుండ్రటి చెక్క దూలం ఆ లాగుడుకు మధ్యలో సుమారు 11, 12 మిల్లీమీటర్లు వంగుతుంది. అంటే దాదాపు అరంగుళం. పైది కిందికి, కిందిది పైకి వంగుతాయి కాబట్టి నడిమి పోగులు రెండు వైపులా వదులవుతాయి. అంచు పోగులు తీగల్లా మోగుతుంటే మధ్యవి చేతికి మెత్తగా తగులుతాయి. దువ్వెనతో ఒకే బలంతో కొట్టినా వరుస మధ్యలో ఒకలా, అంచుల్లో ఇంకోలా దిగుతుంది. కోసి కింద పరిచాక అంచు లేచినా, నడుమ ఉబ్బినా నేసినవాళ్లదే తప్పంటారు. సగం సందర్భాల్లో తప్పు దూలానిది.

మరి ఇనుప పైపు వేస్తే? మార్కెట్లో దొరికే మీడియం రకం 4 అంగుళాల పైపు అదే బరువుకు 7, 8 మిల్లీమీటర్లు వంగుతుంది. చెక్క కంటే మేలే కానీ పెట్టిన డబ్బుకు తగినంత కాదు. 5 అంగుళాల పైపుకైతే వంపు 4 మిల్లీమీటర్ల లోపుకు, 6 అంగుళాల పైపుకైతే రెండు చిల్లరకు దిగుతుంది. ‘ఇనుము కదా, సన్నగా ఉన్నా ఆగుతుంది’ అనుకోవడమే చాలా ఇనుప మగ్గాలకు వచ్చిన జబ్బు. వంపు ఆపడంలో గోడ మందం కంటే పైపు లావు ఎక్కువ పని చేస్తుంది. 3 అంగుళాల పైపులతో చేసిన అందమైన రంగు మగ్గం కంటే లావాటి చెక్క దూలమే నయం. ఒక శిక్షణ కేంద్రంలో అలాంటి ఇనుప మగ్గాలు వరుసగా గోడకు ఆనించి ఉండటం చూశాను. ఎందుకు వాడటం లేదని అడిగితే ‘నడుం ఆగట్లేదండీ’ అన్నారు. వాళ్లన్నది మగ్గం నడుమే.

అదే 4 అడుగుల మగ్గమైతే కథ మారిపోతుంది. వెడల్పు సగమైతే వంపు సగం కాదు, పదహారో వంతు అవుతుంది. 6 అంగుళాల చెక్క దూలం అక్కడ మిల్లీమీటరు కూడా వంగదు. చిన్న తివాచీలు, దరీలు నేసేవాళ్లు దూలం మీద డబ్బు పెట్టడం దండగ.

పైపు తెచ్చుకున్నాక వర్క్‌షాపులో జరిగే పొరపాటు ఒకటుంది. పడుగు కట్టే కడ్డీ కూర్చోవడానికని పైపు పొడవునా గ్యాస్ కటింగుతో గాడి కోసేస్తారు. చూడటానికి నీటుగా ఉంటుంది. కానీ గుండ్రంగా మూసి ఉన్న పైపుకు మెలికను తట్టుకునే శక్తి, పొడవునా చీలిస్తే వందల రెట్లు పడిపోతుంది. ఒక చివర చక్రం తిప్పితే రెండో చివర కదలకుండా పైపు మెలిపడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. గాడి వద్దు. పైపు మీద జానెడు జానెడు దూరంలో చిన్న నట్లు వెల్డింగు చేయించి, వాటిలోంచి కడ్డీ దూర్చి పడుగును దానికి కట్టుకోండి. పైపు చెక్కుచెదరదు.

ఇప్పుడు దూలాన్ని తిప్పి పడుగును బిగించే చక్రం. పోటీలో ముగ్గురున్నారు: పళ్ల చక్రం, అంటే రాట్చెట్; మరలున్న ఇరుసుతో పళ్ల చక్రాన్ని తిప్పే వార్మ్ గేరు; మర తిప్పితే లేచే స్క్రూ జాకీ. తాళ్లు కట్టి కర్రతో మెలిపెట్టడం, చెక్క ముక్కలు దిగగొట్టడం పాత పద్ధతులు. వాన పడితే చెక్క ఉబ్బుతుంది, ఎండ కాస్తే వదులవుతుంది. వాటిని పక్కన పెడదాం.

రాట్చెట్ చౌక. ఏ ఊళ్లోనైనా చేస్తారు, చెడిపోతే చేసినవాడే బాగుచేస్తాడు. దాని లోపం పళ్ల మధ్య దూరంలో ఉంది. 6 అంగుళాల దూలం చుట్టుకొలత 48 సెంటీమీటర్లు. చక్రానికి 24 పళ్లుంటే ఒక్కో పన్నుకు పడుగు 2 సెంటీమీటర్లు కదులుతుంది. 8 అడుగుల పొడవు పడుగుకు అది చాలా పెద్ద అంగ. ఒక పన్ను ముందు వదులు, ఒక పన్ను తర్వాత మరీ బిగువు. మధ్యలో ఆగే వీలు లేదు. పైగా మన 2 టన్నుల లెక్క ప్రకారం దూలాన్ని తిప్పే 5 అడుగుల గునపం చివర దాదాపు 95 కిలోల బలం పెడితే కానీ చివరి పన్ను పడదు. ఇద్దరు మనుషులు కావాలి. వదులు చేసేటప్పుడు ఇంకా ప్రమాదం: చక్రం వెనక్కి తిరగకుండా పన్నును పట్టి ఉంచే కొక్కెం లేపాలంటే ముందు ఆ బరువంతా గునపం మీదకు తీసుకోవాలి. చేయి జారితే గునపం ఎగిరి దవడకు తగులుతుంది.

ఈ భయం వల్ల ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. నేసిన భాగాన్ని కిందికి చుట్టాలంటే ఇంత తతంగం కాబట్టి ‘ఇంకో జానెడు అయ్యాక చుడదాంలే’ అని వాయిదా వేస్తారు. ముడి వేసే వరుస పైకి పోతూ ఉంటుంది. చేతులు ఛాతీ ఎత్తు నుంచి భుజం ఎత్తుకు, అక్కడి నుంచి ఇంకా పైకి లేస్తాయి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. భుజం నొప్పికి కారణం పీటలో వెతుకుతాం కానీ, చాలాసార్లు అది చక్రంలో ఉంటుంది.

వార్మ్ గేరు ఈ రెండు బాధలనూ తీరుస్తుంది. 40కి 1 నిష్పత్తి గేరైతే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పినప్పుడు పడుగు 12 మిల్లీమీటర్లు, పావు చుట్టుకు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. కావాల్సిన చోట ఆగొచ్చు. సగానికి పైగా బలం రాపిడిలో పోయినా, అడుగున్నర హ్యాండిల్ మీద 20 కిలోల బలం చాలు. ఒక్క మనిషి పని. ఆ రాపిడిని లోపమనుకోవద్దు. అదే దాన్ని వెనక్కి తిరగకుండా పట్టి ఉంచుతుంది, కొక్కెంతో పని లేదు. కొనేటప్పుడు మాత్రం ఒకే మర ఉన్న వార్మ్ అడిగి తీసుకోండి. రెండు మూడు మరలవి తేలిగ్గా తిరుగుతాయి కానీ బరువుకు తమంతట తామే వెనక్కి జారొచ్చు. ధర ఎక్కువే, నిజం. పాత యంత్రాల సామాను అమ్మేచోట వెతికితే వాడిన గేరు దొరుకుతుంది. పళ్లు ఒక పక్క అరిగి కత్తిలా అయ్యాయేమో చూసుకుంటే చాలు.

గేరు ఒక చివర పెడితే రెండో చివర వదులుగా ఉండదా అని అనుమానం వస్తుంది. చెక్క దూలానికి అది నిజమే, అవతలి చివర 3 మిల్లీమీటర్ల దాకా వెనకబడుతుంది. గాడి కోయని 6 అంగుళాల పైపుకు ఆ తేడా కంటికి ఆనదు. అందుకే చెక్క దూలం ఉంచుకుని ఖరీదైన గేరు పెట్టడం తలకిందుల వ్యవహారం. దూలం ముందు, గేరు తర్వాత.

స్క్రూ జాకీలు పై దూలాన్ని తిప్పవు, రెండు చివరలా పైకి లేపుతాయి. బలం బాగుంటుంది, సన్నటి సర్దుబాటు కూడా కుదురుతుంది. కానీ అవి కదిలేది జానెడో, అంతకు తక్కువో. ఇరాన్‌లోని తబ్రీజ్ పద్ధతిలో పడుగు రెండు దూలాల చుట్టూ గొలుసులా తిరిగి ఉంటుంది. నేసిన భాగాన్ని వెనక్కి జరిపి మళ్లీ బిగిస్తారు. అలాంటి మగ్గానికి జాకీ చక్కగా సరిపోతుంది. పొడవాటి పడుగు చుట్టి వదిలే మగ్గానికి సరిపోదు. ఎడమ, కుడి జాకీలను సమానంగా తిప్పే ఓపిక కూడా ఉండాలి. ఇక కార్లకు వాడే హైడ్రాలిక్ జాకీ అసలు పెట్టొద్దు. వాషర్ కాస్త అరిగితే రాత్రికి రాత్రే నూనె దిగి, పొద్దున్నకు పడుగు వేలాడుతుంది.

నా తీర్పు మిశ్రమమే. 6 అడుగులు దాటిన ముడి తివాచీకి పై దూలం మీద వార్మ్ గేరు, కింది దూలానికి రాట్చెట్. ముందు పైన గేరు వదులు చేస్తాం, కింద బరువు లేని దూలాన్ని చేత్తోనే చుట్టి కొక్కెం వేస్తాం, మళ్లీ పైన గేరుతో బిగిస్తాం. రాట్చెట్ పెద్ద అంగలు ఇక్కడ అడ్డు కావు, గునపం అవసరమూ రాదు. ఒక్కరే నాలుగు అంగుళాలకోసారి చుట్టుకోవచ్చు.

గేరు కొనే స్తోమత ఇప్పుడు లేదంటారా? ఉన్న రాట్చెట్‌కే రెండో కొక్కెం పెట్టించండి. అయితే అది మొదటిదానికంటే సగం పన్ను దూరం పొడవు ఉండాలి. ఒకటి పన్నులో కూర్చుంటే రెండోది పన్ను మధ్యలో ఉంటుంది. సగం తిరగగానే అది పడుతుంది. 24 పళ్ల చక్రం 48 పళ్ల చక్రంలా పనిచేస్తుంది, అంగ ఒక సెంటీమీటరుకు తగ్గుతుంది. లారీ కమాన్ పట్టీ ముక్కతో చేయిస్తే ఏళ్ల తరబడి అరగదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే మార్పు మగ్గంలో ఇంకోటి లేదు.

బాల్ బేరింగులు పెట్టించమనే సలహా కూడా వింటుంటాం. గంటల తరబడి కదలకుండా టన్నుల బరువు మోసే దూలానికి అవెందుకు? ఊలు నూగు దూరి పట్టేస్తాయి. దూలం చివర కూర్చునే సగం గుండ్రం గన్‌మెటల్ బుష్, కాస్త గ్రీజు చాలు.

పడుగు విడదీయడానికి తల పైన ఉన్న కర్రను లాగే బదులు కాలి పెడల్ పెట్టించుకోవడం మంచిదే. సమయం కోసం కాదు, ఆ 2,400 సార్లు చేతులు పైకెత్తకుండా ఉండటానికి. తీగ, రెండు చిన్న కప్పీలు, ఒక చెక్క పలక ఉంటే వడ్రంగే చేసిపెడతాడు.

పైపు దూలానికి ఎర్ర ఆక్సైడ్ పూసి, ఆరాక మందపాటి కాన్వాసు గుడ్డ బిగుతుగా చుట్టండి. ఏలూరు లాంటి తడి గాలి ఉన్నచోట ఇది తప్పనిసరి. తుప్పు మరక లేత రంగు ఊలుకు అంటితే ఉతుకులో కూడా పోదు.