డిజికామ్‌తో ఆరేళ్ళు: ఆ మొదటి ప్రశ్న దగ్గర తొందరపడకండి

డిజికామ్ అంటే కంప్యూటర్లో ఫోటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్. మొదటిసారి తెరిచినప్పుడు వరసగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. అందులో ఒకటి, మీరు పెట్టే ట్యాగులూ (వెతుక్కోవడానికి ఫోటోకి తగిలించే మాటలు) వివరాలూ ఫోటో ఫైల్లోనే రాసేయమంటారా అని. నేను వద్దని నొక్కేశాను, ఒరిజినల్‌ని ముట్టుకుంటే ఏమవుతుందో అని భయం. రెండేళ్ళపాటు రాత్రుళ్ళు కూర్చుని ఫీల్డ్‌వర్క్ ఫోటోలకి ట్యాగులు పెట్టుకుంటూ పోయాను. తర్వాత ల్యాప్‌టాప్ మార్చి, ఫోటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకుని తెరిస్తే ఒక్క ట్యాగ్ లేదు! పన్నెండు వేల ఫోటోలు బోడిగా కూర్చున్నాయి. నేను రాసిందంతా పాత డిస్కులో డిజికామ్4.డీబీ అనే ఒకే ఒక్క ఫైల్లో ఉంది. పాత ల్యాప్‌టాప్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాను.

అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, అడిగింది, నేనే వద్దన్నాను. ఇప్పుడు జేపెగ్ ఫైళ్ళకి వివరాలన్నీ ఫైల్లోనే రాయిస్తున్నాను, రా ఫైళ్ళకి (కెమెరా ఇచ్చే ముడి ఫోటోలు) మాత్రం పక్కన ఎక్స్ఎంపీ అనే విడి వివరాల ఫైల్ పెట్టిస్తున్నాను. రేపు డిజికామ్ మానేసి ఇంకోదానికి మారినా ట్యాగులు ఫోటోతోనే వస్తాయి. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం ఇదే.

రెండో కారణం టైమ్ సరిచేసే పనిముట్టు. ఒకసారి కెమెరా బ్యాటరీ పూర్తిగా అయిపోయి గడియారం మొదటికి వెళ్ళిపోయింది, నేను చూసుకోలేదు, ఆ రోజు తీసినవన్నీ ఏదో పాత జనవరి 1న తీసినట్టు పడ్డాయి. అదృష్టం ఏంటంటే ఒక ఫోటోలో గోడ గడియారం కనిపిస్తోంది, పదీ ఇరవై. ఆ ఫోటోలో కెమెరా రాసుకున్న టైముకీ, గోడ మీది టైముకీ తేడా లెక్కేసి, ఆ రోజు ఫోటోలన్నిటినీ ఒక్కసారే జరిపేశాను. అప్పట్నుంచి ఫీల్డ్‌కి వెళ్ళిన ప్రతిరోజూ మొదటి ఫోటో ఫోన్ గడియారానిదే. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలకి మాత్రం ఈ వైద్యం పనిచేయదు, అందులో కెమెరా వివరాలు ఎగిరిపోతాయి, ఫైలు పేరులో డబ్ల్యూఏ (WA) అనే అక్షరాల ముందు ఉండే తేదీ ఫోటో తీసిన రోజుది అనుకోవద్దు. అలాంటివి నేను "తేదీ తెలియదు" ట్యాగ్ కింద పడేస్తాను. ఊహించి తేదీ వేస్తే రెండేళ్ళ తర్వాత నేనే దాన్ని నిజమనుకుంటాను.

ట్యాగుల సంగతికొస్తే, ఏ సాఫ్ట్‌వేరూ మన బద్ధకాన్ని బాగుచేయదు. ఒకే దానికి నా దగ్గర "బావి", "నుయ్యి", "వెల్" అని మూడు ట్యాగులు తేలాయి, బావి అని వెతికితే సగం ఫోటోలు రావు. ఒక ఆదివారమంతా వాటిని కలపడానికే పోయింది. ఇప్పుడు కొత్త ట్యాగ్ పెట్టే ముందు ఉన్న ట్యాగుల జాబితా అంతా ఒకసారి చూస్తాను.

ఆడియోకి, నోట్సుకి ఇది సరిపోదు, నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు. వాటికి ఎక్సెల్ షీట్ ఉంది. ఫీల్డ్‌లో మనుషులతో మాట్లాడిన ప్రతి సంభాషణకీ ఒక నంబర్, 2021-11-23-02 అంటే ఆ రోజు రెండో మనిషి. అదే నంబర్ ఆడియో ఫైలు పేరులో, నోట్‌బుక్ పేజీ స్కాన్ పేరులో, ఫోటో టైటిల్‌లో. షీట్‌లో "అనుమతి" అని ఒక కాలమ్ కూడా ఉంది, అది మొదట్లో లేదు, ఎందుకు వచ్చిందో చెప్తాను.

ఒక ఫోటో కావాలని తెలిసినాయన అడిగితే పంపాను. గంటలో ఫోన్. "ఫోటో వివరాల్లో ఏదో రాసుందండీ, ఇది నేను చూడొచ్చా?" అన్నారు. నేను క్యాప్షన్‌లో ఆ ఫోటోలో ఉన్నావిడ పేరు రాసుకున్నాను, కింద "పేరు బయటపెట్టొద్దన్నారు, కొడుకుతో మాటల్లేవు" అని కూడా. ఫైల్లోనే రాయించడం మంచిదని ఇంతసేపూ చెప్పాను కదా, అదే ఇక్కడ తిప్పికొట్టింది. ముఖాలకి పెట్టిన పేర్లు కూడా అలాగే ఫైలుతో పాటు వెళ్ళిపోతాయి. ఆయన మర్యాదస్తుడు కాబట్టి అడిగి ఊరుకున్నారు, ఫైలు తీసేశానన్నారు. ఆవిడకి మాత్రం నేనే ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

పేరు బయటపెట్టొద్దన్నవాళ్ళ ఫోటోలకి ఇప్పుడు ఎరుపు లేబుల్. బయటికి పంపాల్సిన ఏ ఫోటో అయినా ముందు డిజికామ్‌లోనే ఉన్న బ్యాచ్ క్యూలో (చాలా ఫోటోల మీద ఒకేసారి పనిచేసే పనిముట్టు) వేసి, మెటాడేటా (ఫైల్లో రాసిన వివరాలు) తీసేసిన కాపీ చేసుకుని, ఆ కాపీనే పంపుతున్నాను. ఎరుపువి అలా కూడా పంపను. మనసులో మాటలైతే అసలు క్యాప్షన్‌లో రాయడమే మానేశాను, అవి కాగితం నోట్‌బుక్‌లోనే ఉంటున్నాయి.